తగిలిన పొగ, పెట్టిన పొగ

మీ కోడలు ఏం చేస్తుందని ఊళ్ళో ఎవరడిగినా మా అత్తగారు "మందుల కంపెనీలో" అని చెప్పేది. అబద్ధమని ఎవరూ అనలేరు. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన, జిన్నింగు మిల్లుల వరసలో చివరిది మా ఫ్యాక్టరీ. విస్కీ, బ్రాందీ కలిపి సీసాల్లో నింపేవాళ్ళం. కలిపినదాన్ని వాసన చూసి, నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, అది సీసాలోకి ఎక్కవచ్చో లేదో చెప్పడం నా పని. కెమిస్టుగా చేరాను, బ్లెండరుగా రిటైరయ్యాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. వాటివల్ల నా ముక్కుకి ఒరిగిందేమీ లేదు.

ఈమధ్య అదే ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, ఈ పనికి నేనింకా ఏం చదవాలండీ?" అని అడిగింది. చదవాల్సింది చదువుకునే వచ్చింది పాపం. పుస్తకంలో నాకు దొరకనిది ఒకటి ఉంది. దాన్ని ఒక చవక స్కాచి దగ్గర, ఒక మజ్జిగ గ్లాసు దగ్గర నేర్చుకున్నాను. ఆ అమ్మాయి కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ళ కోసం అది రాస్తున్నాను.

మిరప ఊళ్ళో ముక్కు

ముందుగా ఒక సంగతి తేల్చేస్తాను. మేం సాయంత్రానికి తూలుకుంటూ ఇంటికెళ్ళే వాళ్ళమని మీ చుట్టాలు అనుకుంటారు. అనుకోనివ్వండి. ఈ పనిలో మింగడం మొదలుపెట్టినవాడు మధ్యాహ్నానికి దేనికీ పనికిరాడు. గ్లాసులో కొద్దిగా విస్కీ, దానికి సమానంగా నీళ్ళు, పైన గాజు మూత. కాసేపు ఆగాలి. మూత తీసి, నోరు కొంచెం తెరిచి ఉంచి, ముక్కుని గ్లాసులో ముంచకుండా పైపైన వాసన చూడాలి. మొదటిసారి వచ్చే వాసన నిజం చెబుతుంది. రెండోసారి వివరం చెబుతుంది. మూడోసారికి ముక్కు మనం వినాలనుకున్నది చెప్పడం మొదలుపెడుతుంది. అక్కడితో ఆపేయండి.

ఇదంతా చల్లటి దేశంలో తేలిక. మా దగ్గర మిరప కోతలయ్యాక హైవే నిండా టిక్కీల లారీలు, అంటే మిరప బస్తాలవి. ఏ లారీ పట్టా గాలికి లేచినా గది అంతా తుమ్ములే. మిరప సీజను రాకముందు జిన్నింగు మిల్లుల నుంచి దూది ఎగిరొచ్చి గ్లాసు అంచున కూర్చునేది. అందుకని పొద్దున్నే, రోడ్డు నిద్రలేవకముందే రుచి చూసే పని పెట్టేవారు మా మేనేజరు కోటేశ్వరరావు గారు. ఆ పని అయ్యేదాకా పచ్చడి ముట్టకూడదు, కారప్పొడి ముట్టకూడదు, తలలో పూలు పెట్టుకోకూడదు అని రూలు. గుంటూరు జిల్లాలో మనిషికి పొద్దున పూట కారం వద్దని చెప్పడం ఎంత సాహసమో ఆలోచించండి.

"ఇడ్లీలోకి కారప్పొడి కూడా లేకపోతే ఎట్లా బతికేదండీ?" అని చేరిన కొత్తలో అడిగాను.

"మధ్యాహ్నం నుంచి బతుకమ్మా" అన్నారాయన.

ఆయన అలాంటి మనిషే. గొంతు పెద్దది, రూళ్ళు ఎక్కువ, పొగడ్త అనేది ఆయన నోట నేను విన్నది లేదు. తప్పు చేశానని చెప్పడం కూడా ఎప్పుడూ వినలేదు. కానీ న్యాయం తెలిసినవాడు. ఆయన పెట్టిన రూళ్ళలో పెద్దది ఇది: గదిలో ముగ్గురం కూర్చోవాలి, ముగ్గురూ సరేనంటేనే సరుకు సీసాల లైను మీదికి వెళ్ళాలి. ఒక్కరు కాదన్నా ఆగాల్సిందే. మేనేజరు మాట, కెమిస్టు మాట, నాగుల్ మీరా మాట, మూడూ ఒకటే తూకం.

తాగని మీరా

నాగుల్ మీరాది కనిగిరి వైపు. మా దగ్గరికి రాకముందు పొగాకు కంపెనీలో ఆకు గ్రేడు చేసేవాడు. ఆ కంపెనీ మూతపడితే కోటేశ్వరరావు గారు పిలిచి పెట్టుకున్నారు. మీరా జన్మలో చుక్క తాగలేదు. మా గదిలో కూడా గ్లాసు పెదవి దాకా తీసుకెళ్ళేవాడు కాదు. ముక్కుతోనే చూసి చెప్పేవాడు.

"మీ వాళ్ళు ఏమీ అనరా మీరా?" అని ఒకసారి అడిగాను.

"అంటారు మేడం. నోట్లో పెట్టుకోను కదా అంటాను. మిగతాది అల్లాకీ నాకూ మధ్య."

రంజాన్ నెలలో ఆయన్ని గదిలోకి పిలవకూడదని సారు ఇంకో రూలు పెట్టారు. హైదరాబాదు ఆఫీసు నుంచి ఎంత తొందరపెట్టినా ఆ నెల ముఖ్యమైన సరుకు ఆగేది. అడిగినవాళ్ళకి, "మావాడు ఉపవాసంలో ఉన్నాడు, మీకు తొందరైతే మీరొచ్చి వాసన చూసుకోండి" అని ఫోన్లో అరిచేవారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత నేను చెప్పబోయేది వింటే సారు మీద మీకు కోపం రావచ్చు.

డ్రమ్ముల్లో స్కాచి

మద్యనిషేధం ఎత్తేసి కొన్నేళ్ళయింది. అప్పటిదాకా మా వైపు స్కాచి అంటే, ఎవరో ఫారిన్ నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చేది. పెళ్ళివారింట్లో నలుగురు పెద్దమనుషులు తలుపేసుకుని తాగేది. మా యజమానులు దాన్ని డ్రమ్ముల్లో తెప్పించి, ఇక్కడ నీళ్ళు కలిపి, ఇక్కడే సీసాల్లో నింపి, పత్తి వ్యాపారికీ బడిపంతులుకీ అందే ధరకి అమ్మాలనుకున్నారు. చేసిందీ, కలిపిందీ అంతా స్కాచి పుట్టిన దేశంలోనే. మాకు మిగిలింది నీళ్ళూ, సీసా, మూతా, మా ముగ్గురి సరే.

మొదటి డ్రమ్ము తెరిచి గ్లాసుల్లో పోసుకున్నాం. మీరా మూత తీశాడు, వెంటనే పెట్టేశాడు.

"పొగ తగిలింది సార్."

నేను చూశాను. పొగే. సందేహం లేదు. కోటేశ్వరరావు గారు చూసి మొహం చిట్లించారు. "గొట్టం లీకయింది" అన్నారు.

పొగాకు పండించే ఇంట పుట్టనివాళ్ళకి ఈ మాట అర్థం కాదు. ప్రకాశం జిల్లాలో ఆకుని బ్యారన్‌లో వేలాడదీసి వేడితో ఆరబెడతారు. కింద పొయ్యి మండుతుంటే వేడి ఇనప గొట్టాల్లోంచి పోయి గదిని కాగబెడుతుంది. పొగ మాత్రం గొట్టంలోంచే బయటికి పోవాలి, ఆకుని తాకకూడదు. గొట్టానికి ఎక్కడైనా చిల్లు పడిందా, పొగ ఆకుకి పడుతుంది, ఆ బ్యారన్ సరుకు ఇక ఎవడూ కొనడు. మా నాన్న రాత్రిళ్ళు లేచి ఆకుని వాసన చూసి మళ్ళీ పడుకోవడం నాకు తెలుసు. మా ముగ్గురికీ చిన్నప్పటి నుంచీ పొగ వాసనంటే ఒకటే అర్థం: ఏడాది కష్టం బూడిదలో పోసినట్టే.

సారు అక్కడే హైదరాబాదుకి ఫోన్ చేశారు. "ఏవండీ, పొగ తగిలిన సరుకు పంపారు. మేం తీసుకోం" అన్నారు గట్టిగా. అవతల నుంచి నవ్వు, మాకు కూడా వినిపించేంత నవ్వు. "కోటేశ్వరరావు గారూ, ఆ పొగ కోసమే జనం దాన్ని కొంటారండీ" అన్నాడు అవతలివాడు.

సారు ఫోన్ పెట్టేశారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ వారమంతా సేల్స్ కుర్రాళ్ళు ఎదురుపడినప్పుడల్లా "గొట్టం బాగయిందా సార్?" అని అడిగేవాళ్ళు. తిట్టినా పడతాడు కానీ నవ్వితే పడడు ఆ మనిషి. ఆ నవ్వు ఎవరో ఒకరి నెత్తిన పెట్టాలి కాబట్టి, మొదట ఆ మాటన్న మీరా నెత్తిన పెట్టారు.

ఒక్క మాటేగా

మళ్ళీ కూర్చున్నప్పుడు సారు ఒకసారి వాసన చూసి, "బానే ఉంది" అన్నారు. నాకు పుస్తకాల్లో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. స్కాచి చేసేవాళ్ళు బార్లీ మొలకల్ని పొగ మీద ఆరబెడతారని చదివాను, పరీక్షలో రాశాను కూడా. చదువు మీద గౌరవంతో "బానే ఉంది" అన్నాను. నిజానికి నా ముక్కు ఇంకా మా నాన్న బ్యారన్ దగ్గరే ఉంది.

మీరా మూత పెట్టేసి, "నాకు బాలేదు సార్" అన్నాడు.

"బాగుంటుందని వాళ్ళే చెప్పారు కదరా."

"వాళ్ళకి బాగుంది. నన్నడిగితే తప్పు సరుకు."

సారు కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. "శనివారం మళ్ళీ కూర్చుందాం. ఆ రోజు కూడా ఇదే పాట పాడితే, సోమవారం నుంచి సీసాలు కడిగే సెక్షన్‌కి పో. తాగనివాణ్ణి తెచ్చి విస్కీ ముందు కూర్చోబెట్టడం నాదే బుద్ధి తక్కువ."

అప్పటికి మీరా ఇల్లు గోడల దాకా లేచింది. స్లాబు పడాలి. ఈ ఉద్యోగం చూసే బ్యాంకువాళ్ళు లోన్ ఇచ్చారు. సీసాలు కడిగే జీతానికి ఆ గోడలు అలాగే వానకి నానుతాయి. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

కారిడార్లో పట్టుకుని చెప్పాను. "ఒక్క మాటేగా మీరా. సరే అనేస్తే పోతుంది. నేననలేదా?"

"మీరు చదివారు కాబట్టి అన్నారు మేడం. నాకు చదువు లేదు, ముక్కుంది. అది తప్పంటుంటే నేను సరేనంటే, రేపు నిజంగా చెడిన సరుకు వచ్చినప్పుడు అది నాతో మాట్లాడదు."

మొండిఘటం. కోపం వచ్చింది నాకు. కప్పు లేని గోడల మధ్య పెళ్ళాన్ని కూర్చోబెట్టి ఈ పట్టుదలేమిటి అనుకున్నాను. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకి మాత్రం ఆయన చెప్పినట్టే చెయ్యమంటాను. ఈ ఉద్యోగంలో మన ఆస్తి అదొక్కటే.

అత్తగారి మజ్జిగ

మా ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చి ఎన్నేళ్ళయినా మా అత్తగారు పాలు మాత్రం దొడ్లో దాలి మీదే కాచేది. దాలి అంటే గుంటలో పిడకలు పేర్చి రాజేసి, దానిమీద కుండ పెట్టి, మంట లేకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలని మగ్గనివ్వడం. మీగడ ఎర్రగా కడుతుంది. ఆ పాలు తోడేస్తే పెరుగుకి, ఆ పెరుగు చిలికితే మజ్జిగకి సన్నటి పొగ వాసన వస్తుంది. నేను రోజూ ఒక సీసాడు మజ్జిగ తెచ్చుకుని, పొద్దుటి పని అయ్యాక అన్నంలో పోసుకునేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీనుకి మీరా క్యారేజీ తెచ్చుకోలేదు. ఆకలి లేదన్నాడు. ఎండ పేలిపోతోంది. గ్లాసులో మజ్జిగ పోసి బలవంతంగా చేతిలో పెట్టాను. సగం తాగి ఆగాడు. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహం విచ్చుకోవడం చూశాను.

"ఎన్నాళ్ళయింది మేడం ఈ వాసన చూసి. మా అమ్మ దాలి పెట్టేది. ఇప్పుడు మా ఇంట్లో అన్నీ ప్యాకెట్ పాలే. ఈ పొగ వాసన లేకపోతే అది మజ్జిగే కాదు."

నాకు నోరు ఊరుకోదు కదా. "అయ్యో, పొగ తగిలిందా? పారబోయనా మరి?" అన్నాను.

ఎగతాళికే అన్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసి, మళ్ళీ గ్లాసు వైపు చూశాడు.

"ఆ దేశంలో వాళ్ళు దేంతో పొగ పెడతారు మేడం?"

చదివింది చెప్పాను. తడి నేలలో గడ్డీ వేళ్ళూ ఏళ్ళ తరబడి మగ్గి నల్లటి మట్టి అవుతుందనీ, దాన్ని ఇటుకల్లా కోసి ఎండలో ఆరబెడతారనీ, అది మంట లేకుండా నిదానంగా రాజుకుంటుందనీ.

"పిడకల్లాగా."

"పిడకల్లాగానే."

లేచి చెయ్యి కడుక్కుని, "గదిలోంచి ఆ స్కాచి తెచ్చి ఒక గ్లాసు పోయండి మేడం. నీళ్ళు కొంచెం ఎక్కువ పోయండి" అన్నాడు. పోశాను. ఒక చేతిలో మజ్జిగ, ఒక చేతిలో స్కాచి. ఇటొకసారి, అటొకసారి. పక్క టేబుల్ వాళ్ళు అన్నం తినడం మానేసి చూస్తున్నారు. నేను కూడా ఆయన పక్కన నిలబడి చూశాను. నీళ్ళు పడ్డాక పొగలోని ఘాటు వెనక్కి తగ్గి, కింద ఒక తీపి కనిపించింది, కాగిన పాల మీగడకి ఉండేలాంటి తీపి. మా నాన్న బ్యారన్ అప్పుడు నా ముక్కులోంచి పోయింది.

మీరా రెండు గ్లాసులూ కింద పెట్టాడు. "బ్యారన్‌లో ఆకుకి పొగ తగులుద్ది మేడం. పాలకి మనమే పెడతాం. ఇది తగిలింది కాదు, పెట్టింది" అన్నాడు.

శనివారం

పొద్దున్నే ముగ్గురం కూర్చున్నాం. సారు మీరా వైపు చూడలేదు. మీరా మూత తీసి, ఒకసారి చూసి, "సరే సార్. బాగుంది" అన్నాడు.

ఇక అయిపోయిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. అయిపోలేదు. సారు గ్లాసు పక్కకి నెట్టారు.

"నీ స్లాబు కోసం చెప్తున్నావా?"

"కాదు సార్."

"మొన్న తప్పు సరుకు, ఇవాళ బాగుంది. సరుకు మారలేదు. మరి మారిందేంటి? భయపడి చెప్పే సరే నాకొద్దు. అట్లాంటిది చెప్పేవాడు ఈ గదిలో ఉండటం కంటే సీసాలు కడుక్కోవడం నయం."

చూడండి ఆ మనిషి న్యాయం. కాదంటే తీసేస్తానన్నాడు, ఔనంటే నమ్మనంటున్నాడు. మీరా చేతులు ఒళ్ళో పెట్టుకుని, తొందరపడకుండా చెప్పాడు. తగిలిన పొగ గురించి, పెట్టిన పొగ గురించి, దాలి గురించి. తగిలిన పొగ ఒక్కచోటే ఉండి గొంతుని పట్టుకుంటుందనీ, పెట్టిన పొగ సరుకంతా సమంగా పరుచుకుని, వెనక తీపిని కనపడనిస్తుందనీ. "నీళ్ళు పోసి చూడండి సార్. తగిలిందైతే నీళ్ళకి చేదు తేలుద్ది. ఇది విప్పుకుంటది."

సారు నీళ్ళు పోశారు. మూత పెట్టారు. ఆగారు. తీసి చూశారు. ఆయనదీ ఒంగోలు పక్క పల్లెటూరు. ఆయన చిన్నప్పుడూ వాళ్ళ దొడ్లో దాలి ఉండే ఉంటుంది. కానీ ఒప్పుకునే అలవాటు ఆ నోటికి లేదు.

"మాటలు బానే నేర్చావు" అని లేచారు. తలుపు దగ్గర ఆగి, "సోమవారం పొద్దున్నే రా. లేటు చెయ్యకు" అన్నారు. ఎక్కడికి రావాలో చెప్పలేదు. సోమవారం మీరా వచ్చి, భయం భయంగా గది తలుపు తోసి చూస్తే, మూడు కుర్చీలూ ఎప్పటిలాగే ఉన్నాయి.

ఆ విస్కీ గురించి నా మాట

అదేమీ గొప్ప స్కాచి కాదు. ధరకి తగ్గది. మొదట్లో పొగ బాగా పలకరిస్తుంది, మధ్యలో కొంచెం పలచబడుతుంది, చివర మిరియంలాంటి వేడి ఉండి తొందరగా వెళ్ళిపోతుంది. మధ్య పలచదనం, మొలకల విస్కీలో కలిపే చవక ధాన్యపు విస్కీ ఎక్కువ కావడం వల్ల. అయినా అది మోసం చెయ్యదు, లేని వయసు ఉన్నట్టు నటించదు. ఖరీదైన విస్కీల్లో నటించేవి చాలా చూశాను. పేరుకి భయపడి వాటిని మెచ్చుకున్న పెద్దమనుషుల్నీ చూశాను. మీరు సీసా మీది కాగితం చూడకముందే గ్లాసు చూడండి.

ఒంగోలు వైపు షాపుల నుంచి మొదట్లో సీసాలు తిరిగొచ్చాయి. అందరిదీ ఒకటే ఫిర్యాదు: పొగ తగిలింది. సేల్స్ కుర్రాళ్ళకి ఇప్పుడు నవ్వు రాలేదు. సారు వాళ్ళతోపాటు మీరాని జీపెక్కించి పంపారు. తాగనివాడు షాపు షాపుకీ వెళ్ళి, దాలి సంగతి చెప్పి, నీళ్ళు ఎంత పోయాలో చూపించి వచ్చాడు. అందరూ ఒప్పుకోలేదు. కొందరికి పొగాకు బుద్ధి పోదు, పోనక్కర్లేదు కూడా. ఒప్పుకున్నవాళ్ళు మాత్రం ఇక వేరేది అడగలేదు.

ఆ తర్వాత నా సర్వీసంతా, గ్లాసులో ఏ వింత వాసన వచ్చినా మొదట ఒకటే అడుక్కున్నాను: ఇది తగిలిందా, పెట్టిందా? కొత్తదాన్ని చెడ్డదని తోసెయ్యడం తేలిక. చెడ్డదాన్ని కొత్తదని మెచ్చుకోవడం ఇంకా తేలిక. రెండింటికీ మధ్య కాసేపు ఆగడానికే మనకి జీతం.

స్లాబు కింద

మీరా ఇంటికి స్లాబు పడింది. సున్నం వేసి, తలుపులు పెట్టి, ఫ్యాక్టరీ వాళ్ళందరినీ భోజనానికి పిలిచాడు. మా అత్తగారిని కూడా తీసుకురమ్మని మరీ మరీ చెప్పాడు. ఆవిడ పాలకుండ ఒకటి బహుమతిగా పట్టుకుని వచ్చింది. ముందు వారమే మీరా భార్యకి దాలి ఎలా పెట్టాలో చెప్పి పంపింది కూడా. బిర్యానీ అయ్యాక అందరికీ గ్లాసుల్లో మజ్జిగ వచ్చింది.

కోటేశ్వరరావు గారు గ్లాసు అందుకున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది? అరచెయ్యి మూతలా గ్లాసు మీద పెట్టారు. కాసేపు ఆగారు. చెయ్యి తీసి, నోరు కొంచెం తెరిచి, పైపైన వాసన చూశారు. మళ్ళీ చూశారు. ఫ్యాక్టరీ వాళ్ళందరం ఆయన వైపు తిరిగాం. వడ్డిస్తున్న మీరా చేతిలో చెంబుతో అలాగే నిలబడిపోయాడు.

"ఏమంటారు సార్?"

సారు ఒకసారి పైకి, కొత్త స్లాబు వైపు చూశారు. తర్వాత మీరా వైపు చూశారు.

"పెట్టిందేరా" అన్నారు. "తగిలింది కాదు. నువ్వు చెప్పిందే."

మీరా తల వంచుకుని పక్క గ్లాసులో మజ్జిగ పోశాడు. అది నిండి విస్తట్లోకి కారుతున్నా ఆపలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

మా అత్తగారు నా మోచెయ్యి పొడిచింది. "ఆయనేంటే, మజ్జిగ తాగడానికి అంతసేపు?"

"అదే మా ఉద్యోగం అత్తయ్యా."

ఆవిడ సారుని ఇంకోసారి చూసి, తన గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టింది.